చెంబులో ఎవరమ్మా అది?

"ఏమ్మా, చెంబులో ఎవరది?"

బెంగళూరు నుంచి ఒక అక్క వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది. ఇత్తడి కలశం చెంబు ఫోటో పంపి పది నిమిషాలు కూడా కాలేదు. ఫోటోను పెద్దది చేసి చూశాను. చెంబు పొట్ట మీద, సరిగ్గా నడిమధ్యన, ఎర్ర నైటీ వేసుకుని రెండు చేతులూ పైకెత్తి నిలబడిన మనిషి. నేనే. నా వెనక దండెం మీద ఆరేసిన బట్టలు, పైన ఫ్యాను, పక్కన బీరువా అన్నీ సాగి, వంగి, గుండ్రంగా అందులో కూర్చున్నాయి. ఆ అక్క రెండో ప్రశ్న ఇంకా గట్టిగా తగిలింది. "కుడిపక్క నల్లగా ఉందే, సొట్టా?" అది సొట్ట కాదు. తలుపు తీసి ఉన్న వంటింటి గుమ్మం. చెప్పాను. "ఓహో" అని ఒక ముక్క పెట్టి ఊరుకుంది. చెంబు మాత్రం కొనలేదు.

తిరుపతిలో గాంధీ రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక సందులో మా నాయనది ఇత్తడి సామాన్ల కొట్టు. కుందులు, దీపపు సెమ్మెలు, తాంబాళాలు, పంచపాత్రలు, గంటలు, హారతి పళ్ళేలు, కొంచెం వెండి పూజ సామాను. గోవిందరాజస్వామి గుడికి వచ్చిపోయే జనమే మా బేరం. వాళ్ళు వస్తువును చేతిలోకి తీసుకుంటారు, బరువు చూస్తారు, గోటితో టంగుమని కొట్టి వింటారు, తిప్పి అడుగు చూస్తారు. ఫోటో చూసి కొనేవాళ్ళకు ఆ చెయ్యి లేదు. ఆ చెయ్యి చేసే పనంతా ఫోటోనే చెయ్యాలి. పోయిన సంవత్సరం శ్రావణమాసం లోపల 140 వస్తువులకు ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెడదామని నేనే ముందుకొచ్చాను. ఇంట్లో పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉంది, దానితో వచ్చిన 18-55 జూమ్ లెన్స్ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

మొదట ఫ్లాష్ వేశాను. తాంబాళం మధ్యలో తెల్లటి గుండు పగిలినట్టు ఒక మచ్చ, చుట్టూ చీకటి. ఫ్లాష్ తీసేసి ట్యూబ్‌లైటు కింద పెట్టాను. ప్రతి కుంది మీదా ఒక ట్యూబ్‌లైటు గీత. సరేనని పొద్దున్నే మిద్దె మీదికి తీసుకెళ్ళాను. అక్కడ వెలుతురు చల్లగా, సమంగా ఉంటుందని ఆశ. వెండి గిన్నెలన్నీ నీలంగా వచ్చాయి. ఆకాశం నీలంగా ఉంటే వెండి ఇంకెట్లా ఉంటుంది? మీద పడిన వెలుతురులో దాదాపు 95 శాతాన్ని వెండి తిరిగి పంపించేస్తుంది. తనకంటూ దాచుకునేది చాలా తక్కువ. ఇత్తడి కొంత నయం, అందులోని రాగి నీలాన్ని మింగేస్తుంది కాబట్టి పసుపు నిలబడింది. కానీ దాని మీద మా పక్కింటి వాళ్ళ నల్లటి నీళ్ళ ట్యాంకు పడింది.

ఆ పొద్దున తీసినవాటిలో ఒక్కటే మా నాయనకు నచ్చింది. పెద్ద తాంబాళాన్ని గోడకు ఆనించి పెడితే, అందులో ఉత్తరాన ఉన్న శేషాచలం కొండ వరస పడింది. "పాపా, ఇది శానా బాగుండాదే. ఏడుకొండలూ పడినాయి సూడు" అన్నాడు. తాంబాళం అంచు ఎక్కడ మొదలైందో, కొండ ఎక్కడ ఆగిందో తెలియని ఫోటో అది. అమ్మడానికి పనికిరాదు. ఆయన మాత్రం కొట్టు వాట్సాప్‌కు డీపీగా పెట్టుకున్నాడు, ఇప్పటికీ అదే ఉంది.

తర్వాత నేను చేసిన తప్పు 1,400 రూపాయలది. మెరుపులు పోవాలంటే పోలరైజర్ ఫిల్టర్ కొనమని ఒక వీడియోలో చూశాను. చెన్నై నుంచి తెప్పించుకున్నాను. లెన్స్ ముందు పెట్టి తిప్పాను, తిప్పాను, ఇంకో చుట్టు తిప్పాను. చెంబులో నేను అట్లానే ఉన్నాను, కొంచెం చీకటిగా. ఫిల్టర్ నకిలీదేమోనని తిట్టుకుంటుంటే మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, వచ్చాడు. వాడు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. ఫిల్టర్ తీసుకుని కొట్లోకి దిగి, అద్దాల బీరువా ముందు పక్కకు నిలబడి తిప్పాడు. అద్దం మీద పడిన వీధి ఒక్కసారిగా మాయమై లోపలున్న గంటలు కనిపించాయి.

"ఫిల్టర్ బాగానే ఉందక్కా. నువ్వు పెట్టిన చోటే బాగాలేదు" అన్నాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. నీళ్ళ మీద, అద్దం మీద వెలుతురు ఏటవాలుగా పడి తిరిగొచ్చేటప్పుడు ఒకే దిక్కుకు ఊగే వెలుతురుగా మారుతుంది. నీళ్ళకైతే దాదాపు 53 డిగ్రీల దగ్గర, అద్దానికైతే 56 దగ్గర ఆ మార్పు నూటికి నూరు పాళ్ళు. బ్రూస్టర్ కోణం అని ఇంటర్‌లో బట్టీపట్టిందే. అట్లా ఒకే దిక్కుకు ఊగేదాన్నే ఫిల్టర్ ఆపగలదు. లోహం అట్లా మార్చదు. వెలుతురు ఎట్లా వచ్చిందో దాదాపు అట్లానే తిప్పి పంపుతుంది, ఫిల్టర్‌కు పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

మరుసటి వారం వాడు కాలేజీ ల్యాబు నుంచి పోలరాయిడ్ షీటు ముక్క తెచ్చాడు, అదీ వెలుతురును ఒకే దిక్కుకు ఊగేలా చేసేదే. దాన్ని ఫోన్ టార్చికి అంటించి, గది చీకటి చేసి, కెమెరా పక్కనుంచే చెంబు మీద వెలుతురు వేశాడు. ఇప్పుడు ఫిల్టర్ తిప్పమన్నాడు. ఒక చోటికి వచ్చేసరికి చెంబు మెరుపు పూర్తిగా ఆరిపోయింది. నాకు సంతోషం వేసింది, కానీ అర నిమిషమే. అక్కడ మిగిలింది చెంబు కాదు, నల్లటి ముద్ద. మీద ఉన్న దుమ్ము, వేలిముద్రలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి. ఇత్తడి రంగు కూడా పోయింది. ఆ పసుపు, ఆ తళతళ అన్నీ తిరిగొచ్చే వెలుతురులోనే ఉన్నాయి, దాన్ని ఆపేస్తే ఇక ఇత్తడి అనేదే లేదు. అన్ని మెరుపులనూ చంపే మందు కోసం నేను వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది. కావలసింది అది కాదు. చెంబు ఏదో ఒకటి చూపించి తీరుతుంది. ఏం చూపించాలో నేను ఏర్పాటు చెయ్యాలి.

ఆ ఏర్పాటుకు వాడు చూపించిన ఉపాయం నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. బల్ల మీద హారతి పళ్ళెం పెట్టాడు. కెమెరా ఉండాల్సిన చోట నన్ను ఒక కన్ను మూసి కూర్చోమన్నాడు. తను ఎర్ర పెన్సిల్ పట్టుకుని గోడ వెంట నడుస్తూ, "పళ్ళెంలో పెన్సిల్ కనపడగానే చెప్పు" అన్నాడు. కనపడింది అన్నచోట గోడ మీద చాక్‌పీసుతో గీత. కనపడటం ఆగిపోయినచోట ఇంకో గీత. పైన, కింద కూడా అంతే. చివరికి గోడ మీద ఒక కిటికీ అంత గడి తయారైంది. పళ్ళెం చూసేది ఆ గడిని మాత్రమే. అక్కడ తెల్లకాగితం కడితే పళ్ళెం తెల్లగా వెలుగుతుంది, నల్లగుడ్డ కడితే నల్లబడుతుంది. గదిలో ఇంకెక్కడ ఏమున్నా దానికి పట్టదు.

తర్వాత పళ్ళెం తీసి చెంబు పెట్టాడు. పెన్సిల్ పట్టుకుని గది అంతా తిరిగాడు. ఎక్కడికెళ్ళినా కనపడుతూనే ఉంది. బీరువా వెనక దూరాడు, కనపడ్డాడు. నా భుజం పక్కకు వచ్చాడు, కనపడ్డాడు. చెంబు సరిగ్గా వెనకాల కూర్చున్నప్పుడు మాత్రమే మాయమయ్యాడు. గుండ్రటి వస్తువుకు గడి అంటూ లేదు, గదే దాని గడి. అందుకే పళ్ళేలన్నీ ఒకటిన్నర రోజులో అయిపోయాయి. చెంబులు, కలశాలు, బిందెలు వారం తిన్నాయి.

గది మొత్తాన్ని తెల్లగా చెయ్యడం కుదరదు కాబట్టి, చెంబు చుట్టూ తెల్ల గది కట్టాలి. మా ఇంట్లో తెల్లగుడ్డకు కరువు లేదు. నాయన పంచెలు నాలుగు తీసుకుని, పాత కుర్చీల మధ్య తాళ్ళు కట్టి డేరా వేశాను. బయట రెండు ఎల్‌ఈడీ బల్బులు. తీసి చూస్తే చెంబు చుట్టూ ఎర్రటి గీత ఒకటి మొలతాడులా తిరిగి ఉంది. పంచె అంచు. అంచును లోపలికి మడిచి మళ్ళీ తీస్తే, గుడ్డ ముడతలన్నీ చెంబు మీద ముసలావిడ చెయ్యిలా పడ్డాయి. ఇస్త్రీ చేసి కట్టాను. అప్పుడు ఇత్తడి పరవాలేదు కానీ వెండి మళ్ళీ నీలం తిరిగింది. ఈసారి ఆకాశం లేదే అని బుర్ర గోక్కుంటుంటే అమ్మ దాటిపోతూ, "నీలిమందు పెట్టిన పంచెలు కదే అవి" అనేసి వెళ్ళిపోయింది.

పంచెలు మడిచి లోపల పెట్టి, స్టేషనరీ షాపు నుంచి ట్రేసింగ్ పేపర్ చుట్ట ఒకటి, థర్మోకోల్ షీట్లు, నల్ల చార్టు తెచ్చాను. ట్రేసింగ్ పేపర్‌కు ముడతలు పడవు, అంచులు లేవు, వెలుతురు అందులోంచి వడకట్టినట్టు వస్తుంది. చెంబు చుట్టూ దాన్ని గొట్టంలా చుట్టి, పైన ఇంకో ముక్క కప్పి, ముందు లెన్స్ పట్టేంత రంధ్రం ఒకటి కత్తిరించాను. బల్బులు బయటే. ఒక్కటే చిక్కు. ఫ్యాను వేస్తే కాగితం రెపరెపలాడుతుంది, ఫోటో అదురుతుంది. మే నెలలో తిరుపతిలో ఫ్యాను లేకుండా మూసిన గదిలో కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. చెమట చుక్క ఒకటి పాలిష్ చేసిన కుంది మీద పడితే అది మళ్ళీ మొదటి నుంచి.

పాలిష్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం పని అక్కడే ఉంది. మామూలు చూపుకు కనపడని మరక ఈ వెలుతురులో దాక్కోలేదు. ఇత్తడికి చింతపండు పులుసు, వెండికి మెత్తటి గుడ్డతో విభూతి, మా ఇంట్లో ఎప్పటినుంచో ఇదే. కొట్లో నా చిన్నప్పటి నుంచి ఉన్న పెద్దన్న ఒకటి గట్టిగా చెప్పాడు: "చింతపండు పూసి పొయ్యి కాడికి పోవద్దమ్మా, ఎర్ర మచ్చలు తేలతాయి." నిజమే, ఎక్కువసేపు ఉంచితే పులుపు ఇత్తడిలోని జింకును తినేసి రాగిని పైకి తెస్తుంది. నేను ఫోన్ మాట్లాడుతూ మర్చిపోయిన ఒక పంచపాత్ర దానికి సాక్ష్యం. కడిగి, వెంటనే పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోకుండా నూలు గ్లౌజులు వేసుకుని పట్టుకోవాలి. వేలిముద్రను ఫోటోలో తుడవడం కంటే వస్తువు మీద తుడవడం వంద రెట్లు సులువు. మెరుపు తగ్గడానికి ఏదో మ్యాట్ స్ప్రే కొట్టమని ఒకాయన వీడియోలో చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. "రేపు దాంట్లో దేవుడికి నీళ్ళు పెడతారు, స్ప్రే ఏందే?" నాకూ అదే న్యాయంగా తోచింది.

ఇంత చేసి, కాగితం గొట్టంలో చెంబు పెట్టి, మొదటి ఫోటో తీసి నాయనకు చూపించాను. గది లేదు, గుమ్మం లేదు, నేను లేను. శుభ్రంగా ఉంది. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశాడు.

"ఇది మన చెంబేనా?"

"అవును నాయనా."

"ప్లాస్టిక్ మాదిరి ఉండాదే. సున్నం కొట్టినట్టు."

ఉక్రోషం వచ్చింది, కానీ మాట నిజం. చుట్టూ తెలుపే కాబట్టి చెంబు అంతా ఒకే రంగు. గుండ్రంగా ఉందని కూడా తెలియడం లేదు. అంచులు వెనకున్న తెలుపులో కరిగిపోయాయి. చెంబును కనపడకుండా చెయ్యడానికి పది రోజులు కష్టపడ్డానన్నమాట.

నల్ల చార్టు వాడింది అప్పుడే. రెండు వేళ్ళ వెడల్పున రెండు పట్టీలు కత్తిరించి, కాగితం గొట్టం లోపలే, చెంబుకు అటొకటి ఇటొకటి, ఫోటోలో పడకుండా కొంచెం వెనగ్గా నిలబెట్టాను. కెమెరా వెనక తెరలో చూస్తే చెంబు రెండు పక్కలా సన్నటి నల్ల గీతలు. కంటికి కాటుక దిద్దినట్టు. పట్టీని ఒక్క అంగుళం ముందుకు జరిపితే గీత లావై పొట్ట మీదికి పాకింది. వెనక్కి జరిపితే జుట్టంత సన్నబడింది. మెడ దగ్గర, చెంబు వంపు తిరిగేచోట, ఆ గీత దానంతటదే వంగి, మళ్ళీ అంచు దగ్గర తేలింది. చెంబు ఆకారం అంతా ఆ ఒక్క గీతలో ఉంది. నేను గీసింది కాదు, వంపు గీసుకున్నది. దాంతో అరగంట ఆడుకున్నాను, ఫోటో తియ్యడమే మర్చిపోయాను.

తర్వాత బల్బులు. రెండూ సమానంగా వెలిగితే వస్తువు చప్పగా ఉంటుంది. ఎడమవైపు బల్బును కాగితానికి జానెడు దూరంలోకి తెచ్చి, కుడివైపుది ఆర్పేసి థర్మోకోల్ షీటు నిలబెట్టాను. కాగితం మీద వెలుతురు మధ్యలో చిక్కగా, పక్కలకు పోయేకొద్దీ పలచగా పడింది. చెంబు మీదా అట్లానే, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకుండా కరిగే వెలుగు. ఇప్పుడు అది ఇత్తడి. నాయన ఫోటో చూసి ఏమీ అనలేదు, "రేటెంత పెట్టినావు?" అని అడిగాడు. మా ఇంట్లో అది మెచ్చుకోలే.

ఇక లెన్స్ రంధ్రం. ఎంత చేసినా చెంబు పొట్ట మధ్యలో చిన్న నల్ల చుక్క ఉంటుంది, అది కెమెరా కన్ను. దాన్ని పూర్తిగా పోగొట్టలేం, చిన్నది చెయ్యగలం. మొదట్లో రెండడుగుల దూరం నుంచి, జూమ్ 18 దగ్గర పెట్టి తీసేదాన్ని. అయిదడుగుల వెనక్కి జరిగి, 55 దగ్గర పెట్టి, కొంచెం కత్తిరించుకుంటే చుక్క ఆవగింజంత అయింది. నామాలో, పద్మమో చెక్కిన చెంబైతే చుక్క ఆ చెక్కడం మీద పడేలా తిప్పితే సరిపోయింది. ఉత్త నున్నటి చెంబైతే కంప్యూటర్‌లో తుడిచేశాను. మిగతా కెమెరా లెక్కలు తొందరగా కుదిరాయి: ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11, అర సెకను అటూ ఇటూ, స్టాండ్ మీద కెమెరా, రెండు సెకన్ల టైమర్. ఎఫ్ 22 పెట్టి లెన్స్ లోపలి రంధ్రాన్ని ఇంకా చిన్నది చేస్తే అంతా స్పష్టంగా వస్తుందనుకున్నాను, మొత్తం కొంచెం మెత్తబడింది. చుట్టూ తెలుపు ఎక్కువగా ఉంటే కెమెరా మోసపోయి బూడిద రంగు చేస్తుంది కాబట్టి వెలుతురు ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచుకోవాలి.

రంగు విషయంలో మాత్రం దెబ్బ తగిలాకే బుద్ధి వచ్చింది. మొదట్లో గదిలో ట్యూబ్‌లైటు ఆర్పకుండా, పక్కన పసుపు బల్బు కూడా వెలుగుతుండగా తీసిన కుందుల జత ఒకటి హైదరాబాద్ నుంచి వెనక్కి వచ్చింది. "ఫోటోలో బంగారంలా ఉంది, వచ్చింది మామూలు ఇత్తడి" అని రాశారు. కోపం వచ్చినా, ఫోటోను కుంది పక్కన పెట్టి చూస్తే తప్పు నాదే. ఆ రోజు నుంచి ఒకే రకం బల్బులు, మిగతావి అన్నీ ఆఫ్. ప్రతి వస్తువుకూ ముందు ఒక తెల్లకాగితం ఫోటో తీసి, తెలుపు ఏదో కెమెరాకు చెప్పి, అప్పుడు వస్తువు.

కంప్యూటర్‌లో ఏది తుడవాలి, ఏది తుడవకూడదు అన్నదానిలో నాకూ మా తమ్ముడికీ ఇంకా వాదన నడుస్తూనే ఉంది. దుమ్ము, కెమెరా చుక్క, నా నీడ, ఇవి వస్తువువి కావు, తుడిచేస్తాను. చేత్తో కొట్టిన బిందె మీద సుత్తి దెబ్బలు ఉంటాయి, పోతపోసిన సెమ్మెకు అతుకు దగ్గర సన్నటి గీత ఉంటుంది. అవి వస్తువువి. తుడిచేస్తే బాగుంటుందని వాడు అంటాడు. నిజానికి తుడవక్కర్లేదు కూడా, ఈ మెత్తటి వెలుతురులో సుత్తి దెబ్బలు వాటంతటవే దాక్కుంటాయి. నాకు భయం వేసేది అక్కడే. సొట్ట లేని చెంబుకు సొట్ట ఉందేమోనని ఆ బెంగళూరు అక్క అనుమానపడింది. ఇప్పుడు నేను సొట్ట ఉన్న చెంబును కూడా లేనట్టు చూపించగలను. అందుకని ప్రతి బిందెకూ రెండో ఫోటో ఒకటి, కాగితం తీసేసి, పక్కనుంచి ఒక్క బల్బు వెలుతురులో తీసి పెడుతున్నాను. అందులో ప్రతి దెబ్బా లేచి కనపడుతుంది. దాని వల్ల బేరం పోయిందా వచ్చిందా అని లెక్క వేయలేదు. వెనక్కి వచ్చిన బిందె మాత్రం ఇంతవరకు లేదు.

140లో 137 అయ్యాయి. శ్రావణం మొదటి శుక్రవారానికి రెండు రోజుల ముందు వరలక్ష్మి అమ్మవారి వెండి ముఖం తీశాను. ముక్కు ఒక పక్కకు, బుగ్గ ఒక పక్కకు, నుదురు పైకి చూస్తాయి కాబట్టి దానికి పూట పట్టింది. నల్ల పట్టీలు తీసేసి, చిటికెన వేలంత ముక్కలు అంటిస్తే తప్ప కనురెప్పలు తేలలేదు. అది అయిందన్న ఉత్సాహంలో ఇక చిన్నవే కదా అని రాత్రి పదిన్నరకు ఉద్ధరిణె తీసి గొట్టంలో పెట్టాను. కెమెరా తెరలో చూశాను. లోపలికి గుంటగా ఉన్న ఆ చిన్న గిన్నెలో లెన్స్ రంధ్రం తేలింది, రంధ్రం వెనక నా మొహం సగం, అదీ తలకిందులుగా. పట్టీలు అటూ ఇటూ జరిపాను. ఎడమకు జరిపితే కుడికి పోతోంది, పైకెత్తితే కిందికి దిగుతోంది. ఇంతవరకు నేర్చుకున్నదంతా దీనికి తిరగేసి చెయ్యాలి కాబోలు. తమ్ముడికి ఫోన్ చేద్దామనుకుని టైము చూసి, బల్బు ఆపి ఫ్యాను వేశాను.